లూప్ లైన్లో

గుంతకల్లు స్టేషన్ ఎదురు సందులో
మూడో షట్టరు నాది.
నవంబరు నెల. వాకిట్లో పద్దెనిమిది జతల చెప్పులు,
బతికే ఉండామని రాయించుకోడానికి వచ్చిన
రైల్వే పింఛనీదార్లవి.

బ్రౌజర్ మాత్రం పొద్దున్నించీ
చస్తా బతుకుతాంది.

తెరుస్తా. నంబరు కొడతా.
తెర తెల్లగా పాలిపోతుంది.
నడుమ ఒక సున్నా గానుగెద్దు మాదిరి తిరుగుతుంది,
నూనె చుక్క రాలదు.
"ఈ పేజీ స్పందించడం లేదు.
వేచి ఉంటారా? మూసేస్తారా?"
వేచి ఉంటా అని నొక్కినా.
నాకు అలవాటైన మీట అదే.

కంప్యూటర్ ఆర్పి వెలిగించినా,
తెరిచినవన్నీ మళ్ళీ లేచి కూచున్నాయి.
మోడెమ్ తీగ పీకి, ఊది, పెట్టినా.
కొత్త వెర్షన్ దించినా. అది ఇంకా బరువు.
లోపల దాచిందంతా తుడిచేద్దామని
ఆ మెనూ దాకా పోయి చెయ్యి ఆగింది.
ఈ వీధిలో సగం మంది పాస్‌వర్డులు దాని కడుపులోనే ఉండాయి.
వాళ్ళకు గుర్తు లేవు, నాకు గుర్తు లేవు,
గుర్తుపెట్టుకున్నది ఈ చచ్చేది ఒక్కటే.

వరసలో ముందున్న హుసేన్ పీరా తాత,
ముప్పై నాలుగేండ్లు పాయింట్స్‌మన్,
కుర్చీ జరుపుకుని తెరలోకి వంగినాడు.
"ఏమ్మే వన్నూరమ్మా, పైన ఈ దువ్వెన పండ్లేంది?"
ట్యాబులు తాతా.
"ఎన్నుండాయి?"
ఎప్పుడూ ఎంచలేదు. ఎంచితే నలభై ఏడు.
"యార్డులో నలభై ఏడు బండ్లు నిలబెట్టి
మెయిన్ లైను క్లియర్ ఇమ్మంటే
యాన్నించి ఇస్తారమ్మే?"

ఒక్కొక్కటే మూసేది మొదలుపెట్టినా.

కసాపురం రోడ్డు లింగన్న టమోటా నష్టం:
'పరిశీలనలో ఉంది'.
ఆషాఢం నుంచీ పరిశీలనలోనే ఉంది.
నంబరు గోడ క్యాలెండరు మీద రాసుకుని మూసినా.
షమీమ్ సప్లిమెంటరీ ఫలితం. పాసయింది.
ఎప్పుడో పాసయింది,
ఆ పేజీని మూయబుద్ధి కాక ఉంచినా.
వేలూరు టికెట్టు, వెయిటింగ్ లిస్టు పద్నాలుగు.
ఆ బండి జూలైలోనే పోయింది.
నాగేంద్రమ్మ జనరల్ బోగీలో నిలబడి పోయి
మూత్రపిండంలో రాయి తీయించుకుని వచ్చి
నిన్న నాకు ఒగ్గాణి కట్టిచ్చింది, బజ్జీ ఒకటి ఎక్కువేసి.
తెర మీద ఆమె ఇంకా పద్నాలుగో నంబరే.

మూసేకొద్దీ ఫ్యాను గొంతు తగ్గింది.
పేజీ మాత్రం మళ్ళీ పాలిపోయింది.

"టికెట్టు లేనోడెవడో ఎక్కుంటాడు సూడు,"
అన్నాడు తాత.
ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిస్తే నిజమే.
'కూపన్ రాజా' అంట.
దసరా సెలవుల్లో మా అక్క కొడుకు
బూట్లు చౌకగా దొరుకుతాయని తగిలించి పోయినాడు.
అప్పట్నించీ నేను తెరిచిన ప్రతి పేజీలోనూ,
పింఛను ఆఫీసు పేజీలో కూడా,
వాడి బూట్ల రేట్లు వెతుకుతాంది.

దించేసినా.
తెర ఒకసారి తుమ్మి, కదిలింది.

తాత బొటనవేలు మిషన్ మీద పెట్టినాడు. పడలేదు.
లివర్లు లాగి అరిగిన వేలు.
తడిగుడ్డతో తుడిచి మళ్ళీ. పడలేదు.
ఎడమచేతి చూపుడువేలు పడింది.
ప్రింటరు కక్కిన కాగితాన్ని
నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.
"ఐతే ఇంకో ఏడాది ఉండానన్నమాట."
యాభై ఇచ్చి ఇరవై చిల్లర
అడిగి మరీ తీసుకున్నాడు.

లేస్తా లేస్తా తెర ఎడమ కొసన వేలు పెట్టినాడు.
"అన్నీ మూసి దీన్నొకదాన్ని ఉంచినావే.
ఎవరి బండి?"

నాది.
దూరవిద్య డిగ్రీ దరఖాస్తు.
నా పేరు, నాయిన పేరు, పుట్టిన తేదీ దాటి
ఫోటో పెట్టమనే చోట ఆగింది.
ఎన్నిసార్లు తెరిచినా ఆడికే తెచ్చి నిలబెడుతుంది.
పైన ఎర్రక్షరాల్లో: గడువు ముగిసింది.

"గూడ్సు తాతా," అన్నా.

పాయింట్స్‌మన్ కదా, ఇంగేం అడగలేదు.
"ఐతే లూప్‌లో ఉండనీ,"
అని చెప్పులు వెతుక్కున్నాడు.

రెండో మనిషిని పిలిచినా.